బంగారుపాళ్యం దారిలో పట్టిన గాలి

నా చెప్పుల్లో ఎడమది ఎప్పుడూ ముందే అరిగిపోతుంది. కుడిది ఇంకా పెళ్లికొడుకులా మెరుస్తుండగానే ఎడమది మడమ దగ్గర పల్చబడి, కింద ఏం తొక్కినా పైకి తెలియజేస్తుంది. ఒక్క చెప్పే అమ్ముతారేమోనని దుకాణంలో అడిగి చూశాను. కొట్టాయన నా కాళ్లవైపు చూసి, రెండూ ఉన్నాయని ఖాయం చేసుకున్నాక, "జతేనండి" అన్నాడు. నా ఎడమ కాలు అంత అదనంగా ఏం కష్టపడుతోందో నాకు చాలాకాలం తెలియలేదు. మొన్న మామిడికాయల రోజుల్లో చిత్తూరు వైపు వెళ్లి వచ్చాక తెలిసింది.

మాది రాజమండ్రి. మా చెల్లెలు వాణిని బంగారుపాళ్యంలో మామిడితోటలున్న ఇంటికి ఇచ్చాం. ఆమె కూతురు చిట్టికి చెవులు కుట్టే ముహూర్తం పెట్టారు. పిల్ల మేనమామ ఒళ్లో కూర్చుంటేనే కంసాలి ఆచారి సూది తీస్తాడు. మా వైపూ ఈ పద్ధతి ఉంది కానీ, మేనమామకు సెలవు దొరక్కపోతే ఖాళీగా ఉన్న ఏదో ఒక ఒడితో సర్దుకుంటాం. వాణి అత్తవారింట అలా కుదరదు. మేనమామ రాకపోతే, తల్లికి వరసకు అన్న అయ్యే మరొకర్ని కూర్చోబెడతారు. ఆ తర్వాత పిల్ల పెళ్లిదాకా ప్రతి శుభకార్యంలోనూ మేనమామ పీట ఆయనదే. అసలు మేనమామ వెనక వరసలో నిలబడి అక్షింతలు వేసి రావచ్చు.

వాణి పెళ్లయ్యాక నన్ను ఏదీ అడగలేదు. ఈసారి ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వేమీ తేవద్దు. నీ ఒడి ఒక్కటీ తెచ్చుకో" అంది. వాళ్ల అత్తగారు కుప్పమ్మగారు ముందుజాగ్రత్తగా పలమనేరులో ఒకాయన్ని సిద్ధం చేసి ఉంచారని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గింది.

రైల్లో వెళ్దామని నా భార్య సుభద్ర అంది. మా ఇంట్లో సరైన మాటలు అనే శాఖ ఆమెది. కారులో వెళ్దామని నేనన్నాను. మిగతా శాఖలు నావి.

శ్రీకాళహస్తి: అలిగిన పిట్ట

పిల్లను కూర్చోబెట్టుకునే ముందు ఒళ్లో పరిచే కొత్త గుడ్డ కూడా మేనమామే తేవాలట. అందుకని శ్రీకాళహస్తిలో దర్శనం అయ్యాక కలంకారీ వేసే ఒకాయన ఇంటికి వెళ్లాం. నేలమీద గుడ్డ పరిచి, వెదురు కలంతో చెట్టు వేస్తున్నాడాయన. కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ నానబెట్టి ఆరేసిన గుడ్డలు ఇల్లంతా వేలాడుతున్నాయి. ఇంట్లో ఎవరో పెరుగు తోడువేసి మరిచిపోయినట్టుంది వాసన.

ధర చెప్పాడు. మా ఊరి పద్ధతిలో సగానికి అడిగాను. ఆయన ఏమీ కోప్పడలేదు. సగం పొడవున్న గుడ్డ తీసి పరిచాడు. బేరం అక్కడితో ముగిసింది.

మేం తీసుకున్న పెద్ద గుడ్డ మీద చెట్టు నిండా పిట్టలున్నాయి. అన్నీ పండ్లవైపు చూస్తుంటే, ఒకటి మాత్రం అటు తిరిగి కూర్చుంది. అదేమిటలా తిరిగిందని అడిగాను.

"అలిగుండాది సార్" అన్నాడాయన కలం ఎత్తకుండానే. "మిగిలినయ్యన్నీ పండు తినేసినాయి గదా."

సుభద్ర ఆ పిట్టకోసమే కొన్నానంది.

తిరుపతి: బట్టతల వైభవం

తిరుపతిలో నాకు దొరికిన మర్యాద మరెక్కడా దొరకలేదు. కారణం నా తల. చాలా ఏళ్లుగా అక్కడ ఏమీ మొలవడం లేదు. ఆ ఊళ్లో మాత్రం అది భక్తి. లాడ్జిలో గది చూపించినాయన, ఆటో అబ్బాయి, టీ కొట్టాయన, అందరూ "దర్శనం బాగా అయిందా?" అని ఆప్యాయంగా అడిగారు. మొదట్లో నిజం చెప్పాను. కొండెక్కలేదంటే వాళ్ల ముఖాలు పడిపోతున్నాయి. ఊరికి వచ్చి పైకి పోకుండా వెళ్లేవాడు, పైగా గుండు. ఆ తర్వాత బాగా అయిందని చెప్పడం మొదలుపెట్టాను. ఒకాయన కాఫీకి డబ్బు తీసుకోనన్నాడు. సుభద్ర బలవంతంగా ఇప్పించింది.

మాటలో తేడా అక్కడే వినపడింది. మా వైపు ప్రతి మాటకూ చివర అండీ తగిలిస్తాం. తిట్టేటప్పుడు కూడా తీసేయం. ఇక్కడ ఆ చోటులో అప్పా ఉంటుంది. మొదటిసారి ఒక కుర్రవాడు నన్ను "ఏమప్పా" అన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను. సాయంత్రానికి నాకే అలవాటై సుభద్రను కూడా అప్పా అన్నాను. ఈసారి ఆమె వెనక్కి తిరిగి చూసింది.

రాత్రికి కారు లాడ్జి వెనక చింతచెట్టు కింద పెట్టాం. కలంకారీ గుడ్డ పాలవాసన గదిలో భరించలేనని సుభద్ర దాన్ని కారులోనే వదిలేసింది. ఈ రెండు విషయాలూ గుర్తుంచుకోండి. అప్పుడు మేం గుర్తుంచుకోలేదు.

పొద్దున మిరియాల పొంగలి తిని బయలుదేరితే క్లచ్ పెడల్ మెత్తగా తగిలింది. అన్నంలో నెయ్యి వేసినట్టు కాలు కిందికి జారింది. పుణ్యక్షేత్రంలో రాత్రి గడిపింది కదా, దానికీ కొంచెం అణకువ వచ్చిందనుకున్నాను.

చిత్తూరు: నమలకూడని ముద్ద

దారిలో కాణిపాకం బోర్డు వచ్చింది. వినాయకుణ్ణి చూసి వెళ్దామని సుభద్ర అంది. తిరిగి వచ్చేటప్పుడు చూద్దామన్నాను.

చిత్తూరులో ఒక చిన్న హోటల్లో రాగిసంగటి, పుల్లగూర, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి పెట్టారు. సంగటి ముద్ద పిల్లల బంతి అంత ఉంది. సుభద్ర దాన్ని అన్నంలా నములుతుంటే హోటలామె వడ్డించడం ఆపి చూసింది. నమలకూడదట, గూరలో అద్ది మింగాలట. నమిలితే సంగటికి రోషం వచ్చి పళ్లకు అంటుకుంటుందని చెప్పింది. నేను మింగాను. లిఫ్టు దిగినట్టు ఒక్కో అంతస్తూ దాటుకుంటూ కిందికి వెళ్లింది. రాజమండ్రిలో ఆ డబ్బుకు రెండు పెసరట్లు వస్తాయి, గంటలో ఆకలేస్తుంది. ఇక్కడ మర్నాటిదాకా ఆకలి మాట ఎవరూ ఎత్తలేదు.

తోతాపురి బారు

చిత్తూరు దాటి బెంగళూరు రోడ్డెక్కాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు మొదలవుతాయి. వాటి ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆ బారు రోడ్డులో సగం ఆక్రమించింది. మిగతా సగంలో లోకమంతా నత్తలా పాకుతోంది. నాలుగడుగులు కదలడం, ఆగడం, మళ్లీ కదలడం. ప్రతి కదలికకూ క్లచ్ తొక్కాలి. నా ఎడమ చెప్పు సంగతి అక్కడ తెలిసింది.

ఒక ఫ్యాక్టరీ గేటు ఎదురుగా పెడల్ నేలకు సాష్టాంగపడింది. మళ్లీ లేవలేదు. కాలు తీశాను, లేవలేదు. వంగి చేత్తో పైకి లాగాను. మర్యాదకు కాస్త లేచి మళ్లీ పడుకుంది.

అక్కడికి బంగారుపాళ్యం ఎంతో దూరం లేదు. ఎండ వాలుతోంది. ముహూర్తం తెల్లవారాక. రైల్లో వెళ్దామన్న మాట సుభద్ర మళ్లీ అనలేదు. కిటికీలోంచి ట్రాక్టర్లవైపు చూస్తూ కూర్చుంది. అనేస్తే బాగుండేది.

పక్క ట్రాక్టరు మీది రైతు దిగివచ్చాడు. నిన్నటినుంచీ బారులోనే ఉన్నాడట. చుట్టం ఇంటికి వచ్చినంత సంతోషంగా ఒక కాయ కోసి ఉప్పూ కారం చల్లి ఇచ్చాడు. మా వైపు మామిడిపండంటే రసం, పిసికి జుర్రాలి. ఇక్కడి తోతాపురి కరకరలాడుతుంది, నోరంతా పని చేయాలి. మేం తింటుండగా ఆయన మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

"మునిరత్నమని ఉండాడు" అన్నాడు నాతో. "నోరు జాస్తి. చెయ్యి పరవాలేదు."

మునిరత్నం షెడ్డు

మునిరత్నం మోటారుసైకిలు మీద మాట్లాడుతూనే వచ్చాడు. ఎవరితోనో తెలియలేదు, వెనక ఎవరూ లేరు. మోటారుసైకిలు రైతుకు అప్పగించి మా కారెక్కాడు. గేరు వేసి ఉంచి తాళం తిప్పేసరికి కారు కప్పలా గెంతి బయలుదేరింది. క్లచ్ లేకుండానే దాన్ని రోడ్డు పక్కనున్న షెడ్డుకు చేర్చాడు. దారిపొడవునా తను బాగుచేసిన గొప్పవాళ్ల కార్ల గురించి చెప్పాడు. వాళ్లెవరూ ఆ రోడ్డుమీద ప్రయాణించి ఉంటారని నాకు నమ్మకం కలగలేదు.

కారు కిందికి దూరి, ఒక రబ్బరు గొట్టం చూపించాడు. మా కారులో క్లచ్‌కు తీగ లేదు. నూనె నిండిన సన్నటి గొట్టముంది. ఇటు పెడల్ తొక్కితే, గొట్టంలోని నూనె అటు చివర క్లచ్‌ను తోస్తుంది. ఆ గొట్టం మీద పళ్లగాట్లున్నాయి. నూనె కారిపోయి, లోపల గాలి చేరింది.

"ఎలక పని" అన్నాడు. కారులో తినేదేమైనా పెట్టారా అని అడిగాడు. లేదన్నాను. తల లోపలికి పెట్టి వాసన చూశాడు. కలంకారీ మూట చూశాడు. సుభద్ర మూటవైపు చూడలేదు. పిట్టలన్నింటిలో ఆ అలిగిన పిట్టకే మా సంగతి ముందు తెలిసిందేమో అనిపించింది.

కాణిపాకం వెళ్లివచ్చారా అని అడిగాడు. తిరిగి వచ్చేటప్పుడు చూస్తామన్నాను. మునిరత్నం పానా కింద పెట్టాడు.

"ఇంగేమి సార్. స్వామి బండి మీ బండిని కొరికినాది."

ఎలుక కొరికింది రాత్రి తిరుపతిలో, కాణిపాకం దాటింది ఈ పొద్దున గదా అని లెక్క చెప్పాను.

"మీరు దిగరని స్వామికి ముందే తెల్దా?" అన్నాడు.

కాలేజీలో చదివిన తర్కశాస్త్రాన్ని అక్కడితో మూసేసి, కొత్త గొట్టం ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

కొత్త గొట్టం కోసం చిత్తూరు వెళ్లి ఒకటి తెచ్చాడు. అది మూరెడు ఎక్కువ పొడవుంది. పొడవుంటే మంచిదే, సాగుతుందని కాసేపు వాదించాడు. సుభద్ర ఆ గొట్టాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పట్టుకుని నిలబడింది. మునిరత్నం రెండోసారి చిత్తూరు వెళ్లాడు.

ఆ వ్యవధిలో వాణికి ఫోన్ చేశాను. కుప్పమ్మగారు ఎత్తారు. సిగ్నల్ తెగుతోంది. పక్క షెడ్డులో టైర్లకు గాలి కొట్టే యంత్రం మోత. క్లచ్ పోయిందని మూడుసార్లు అరిచాను. ఆవిడకు ఒక్కసారీ చేరలేదు. అంతలో మునిరత్నం తిరిగొచ్చాడు. ఆ ప్రాంతం మాటల్లో అతనే చెబితే నయమని ఫోన్ చేతికిచ్చాను. అతను చెప్పిన జవాబులు మాత్రమే నాకు వినపడ్డాయి. ప్రశ్నలు తర్వాత తెలిశాయి.

"ఏమీ బయం ల్యాదమ్మా. లోపల గాలి సేరుకోనుండాది... ఆ, ఎడం కాలే. నొక్కితే పోయి ఆడనే పండుకుంటాది, పైకి లేయడం ల్యా... తిరపతిలో పట్టుంటాది. రేత్రి సింతసెట్టు కింద ఉండారు గదా... అదే, కింద దూరి పైపు పెట్టి, గాలంతా సీసాలోకి దించేస్తా... మా నాయన కాలంనించి ఇదే పని గదమ్మా మాకు."

ఫోన్ తిరిగిస్తూ, పెద్దావిడకు ఎంత వివరంగా తెలుసుకోవాలనుందో అని మెచ్చుకున్నాడు. నేనూ మెచ్చుకున్నాను.

గొట్టం బిగించాక గాలి తీసే పని మొదలైంది. నేను సీట్లో కూర్చున్నాను. మునిరత్నం కారు కింద పడుకుని, ఒక సన్నటి పైపు సీసాలోకి పెట్టి, నట్టు పట్టుకున్నాడు. అతను నొక్కమంటే నొక్కాలి, పట్టమంటే పట్టి ఉంచాలి. అతను నట్టు వదులు చేస్తే బుడగలతో నూనె సీసాలోకి వస్తుంది. నట్టు మళ్లీ బిగించాక వదలమంటేనే కాలు తీయాలి. ఇందులో కష్టమేమీ లేదు. నేను మాత్రం అతను పట్టమన్నప్పుడు వదిలాను. బయటి గాలి లోపలికి పీల్చుకుని, మొదటికొచ్చింది. రెండోసారి ఇంకా పట్టమనకముందే వదిలాను. అప్పుడు సుభద్ర నన్ను దిగమంది.

ఆమె చీర సర్దుకుని కూర్చుంది. నొక్కింది, పట్టింది, అతను చెప్పినప్పుడే వదిలింది. బుడగలు తగ్గి, సీసాలో నూనె చల్లగా, నిండుగా దిగింది.

"సార్ కాలు మాట ఇనదు" అన్నాడు మునిరత్నం కారు కిందనుంచే. "అక్క కాలు ఇంటాది."

చీకటి పడకముందే పెడల్ పైకి లేచి నిలబడింది. మునిరత్నం, దారిలో పరీక్షించి చూడాలంటూ మాతోనే ఎక్కాడు. ఆ పరీక్ష చెవులు కుట్టే రోజు భోజనందాకా సాగుతుందని మాకు అప్పుడు తెలియదు. ఆ నూనె సీసా కూడా వెంట తెచ్చుకున్నాడు.

బంగారుపాళ్యం: నిమ్మకాయ

వాణి వాళ్ల ఇంటి ముందు కారాపి దిగబోయాను.

"ఆడనే నిల్లప్పా" అన్నారు కుప్పమ్మగారు.

గేటు దగ్గర పళ్లెంలో ఎర్రనీళ్లు, వేపరెమ్మ, కర్పూరం పట్టుకుని నిలబడి ఉన్నారు. కారుకు దిష్టి తీస్తారు కాబోలనుకుని పక్కకు తప్పుకున్నాను. ఆవిడ కారును పట్టించుకోలేదు. నా చుట్టూ తిప్పారు. వేపరెమ్మతో భుజాల మీద కొట్టారు, మరీ నెమ్మదిగా కాదు. తర్వాత నిమ్మకాయ తీశారు. నేను టైరువైపు చూపించాను. ఆవిడ వంగి నా ఎడమ పాదం ముందు పెట్టారు.

"తొక్కు."

తొక్కాను. చెప్పు పల్చబడిన చోటునుంచి నిమ్మరసం మడమకు తగిలింది.

అరుగు మీద కొత్త జరీ పంచె కట్టిన ఒక పెద్దమనిషి వక్క నములుతూ చూస్తున్నాడు. ఆయన పలమనేరు ఆయనని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన ఒడి కూడా నాదానికంటే విశాలంగా ఉంది. తలుపు దగ్గర వాణి చిట్టిని ఎత్తుకుని నిలబడింది. నవ్వలేదు.

"ఏమీ అనుకోవద్దప్పా" అన్నారు కుప్పమ్మగారు. "గాలి పట్టిన మనిసి ఒళ్లో పసిబిడ్డను పెట్టేదెట్ల? రేపటికి ఆయన కూసుంటాడు."

గాలి అంటే వాళ్ల మాటలోనూ మా మాటలోనూ ఒకటే. దయ్యం పట్టడాన్నీ అదే మాటతో అంటాం. ఫోన్‌లో వినపడిందంతా నా మనసులో ఒక్కొక్కటే తిరిగి మోగింది. లోపల చేరుకుంది. ఎడం కాలు లేవడం లేదు. చింతచెట్టు కింద పట్టింది. సీసాలోకి దించుతారు. తండ్రి కాలంనుంచి ఇదే పని. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ పలమనేరుకు కబురు పెట్టేవాణ్ణి.

నేను నోరు తెరిచేలోపు వెనక తలుపునుంచి మునిరత్నం దిగాడు. ఆవిడ అతని గొంతు గుర్తుపట్టారు.

"గాలి తీసినోడివి నువ్వేనా? సీసా యాడ?"

మునిరత్నం గర్వంగా సీసా ఎత్తి చూపించాడు. అడుగున నల్లగా, మురికిగా ఉంది. కుప్పమ్మగారు రెండడుగులు వెనక్కి వేశారు. పలమనేరు ఆయన వక్క నమలడం ఆపాడు.

వాణి భర్త మోహన్ ముందు అర్థం చేసుకున్నాడు. గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. అర్థంకాని మునిరత్నం, గాలి ఈయప్పది కాదమ్మా కారుది అని, ఎలుక మొదలుకుని మొత్తం చెప్పాడు. కాణిపాకం ముక్క కూడా వదల్లేదు. కుప్పమ్మగారు విన్నారు. కానీ నా మీద పడిన అనుమానం, ఒక్కసారి పడ్డాక, మాటలతో పోయేది కాదు. పళ్లెం కొడుకు చేతికిచ్చి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, డ్రైవర్ సీట్లో కూర్చున్నారు. ఎడమ కాలితో పెడల్ తొక్కారు. వదిలారు. పైకి లేచింది. మళ్లీ తొక్కారు. మళ్లీ లేచింది. ఇంకా నాలుగుసార్లు తొక్కారు, అది మా ఎవరికీ అవసరం లేదు, ఆవిడకు బాగుండి ఉంటుంది.

"లేస్తా ఉండాది" అన్నారు దిగి. పలమనేరు ఆయనవైపు తిరిగి, పంచె ఎట్లాగూ కట్టుకున్నాడు కాబట్టి రేపు భోంచేసి పొమ్మన్నారు.

వాణి వచ్చి చిట్టిని నా చేతుల్లో పెట్టింది. పిల్ల నా తలమీద పట్టుకోవడానికి జుట్టు కోసం వెతికింది. దొరక్క ముక్కు పట్టుకుంది.

మర్నాడు మేనమామ పీట మీద కూర్చున్నాను. ఒళ్లో పిట్టల గుడ్డ పరిచారు. పాలవాసన కొంచెం తగ్గింది. చిట్టి అలిగిన పిట్టమీద వేలు పెట్టి చూస్తున్నంతసేపట్లో ఆచారి ఒక చెవి కుట్టేశాడు. రెండో చెవికి ఊరంతా వినేలా ఏడ్చి, నా చొక్కా తడిపి, వెంటనే నవ్వింది. వాణి నా పక్కన కూర్చుని, నా భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు.

బంతి భోజనాల్లో అందరూ కారు కథ అడిగారు. నేను చెప్పాను. చెబుతున్నకొద్దీ కథ నాకే నచ్చింది. పెడల్ మెత్తబడిందని తిరుపతిలోనే పసిగట్టినట్టు, గొట్టం మీది పళ్లగాట్లు మునిరత్నానికి నేనే చూపించినట్టు, గాలి తీసేటప్పుడు నా కాలు గడియారంలా పనిచేసినట్టు వచ్చింది. ఎదురు బంతిలో సుభద్ర తలెత్తకుండా మామిడికాయ పప్పు కలుపుకుంటోంది. పలమనేరు ఆయన నోరు తెరిచి వింటున్నాడు.

కుప్పమ్మగారు పాయసం బక్కెట్టుతో నా దగ్గరికి వచ్చి ఆగారు. గరిటె ఎత్తి పట్టుకుని కాసేపు విన్నారు. తర్వాత పక్క ఆకు ముందు కూర్చున్న మునిరత్నాన్ని పిలిచారు.

"ఏమప్పా, కారుకి గాలి తీస్తివి సరే. ఈయప్పకి ఎప్పుడు తీస్తావు?"